బూడిద లేని డబ్బా

అజీజున్నీసాను చంపినవాళ్లు ఇద్దరు. ఒకరు ప్రైవేటు, రెండోవారు గవర్నమెంటు. ఇది ఆవిడ భర్త పరుపుల రసూల్ మాట. పదకొండేళ్లుగా ఆయన ఈ మాట మార్చలేదు. మార్పించాలని ఎవరూ చూడలేదు.

ప్రైవేటు డాక్టరు ఐదు నెలలు సీసా మందే పోశాడు. మొదట ఎర్ర సీసా, తరవాత ఆకుపచ్చ సీసా. గవర్నమెంటు ఆస్పత్రిలో మెషీను పాడైంది, సోమవారం రమ్మన్నారు. ఏ సోమవారమో చెప్పలేదు. ఆవిడ శుక్రవారమే పోయింది.

గుండుగొలనులో హైవే పక్కన రసూల్ కొట్టు. దూదేకులవాళ్లు. తాత విల్లుతో ఏకాడు, తండ్రి విల్లుతో ఏకాడు, రసూల్ మెషీనుతో ఏకుతాడు. బూరుగుదూది పరుపులకు భీమడోలు నుంచి గణపవరం దాకా ఆయనదే పేరు. పెళ్లి కుదిరిందంటే ముహూర్తం కంటే ముందు రసూల్ తీరిక అడిగే ఇళ్లున్నాయి. యాభై నాలుగేళ్లు. మాట తక్కువ. ఉన్న మాటకు ముల్లు ఎక్కువ.

ఊరందరి పరుపులూ ఏకే మనిషి తన పరుపు మాత్రం పదకొండేళ్లుగా విప్పలేదు. అది ఉండలు కట్టి, రోడ్డు పని ఆగిపోయిన చోట కంకరలా ఉంటుంది. ఏకుతానని కొడుకు రియాజ్ ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: దాని జోలికి రాకు.

ఆయనకూ దగ్గుంది. తెల్లారుతూనే మొదలై పొద్దెక్కేదాకా. దానికి ఆయన పెట్టుకున్న పేరు దూది దగ్గు. మంచం పక్కన పాత పాలడబ్బా, అందులో నీళ్లపొయ్యి బూడిద గుప్పెడు. ఆయన దగ్గి అందులో ఉమ్ముతాడు. రియాజ్ దాన్ని పారబోసి, కడిగి, మళ్లీ బూడిద పోసి పెడతాడు. నాలుగు నెలల్లో రసూల్ చొక్కా ఆయనకు అన్నగారి చొక్కాలా తయారైంది. చూపించుకోమంటే, మీ అమ్మను చూపించాం కదరా, అనేవాడు. రియాజ్ డబ్బా తీసుకుని కడగడానికి పోయేవాడు.

రియాజ్‌కు ఇరవై అయిదు. డిగ్రీ అయింది, ట్రాలీ ఆటోలో పరుపులు చేరవేస్తాడు. జుట్టులో ఎప్పుడూ దూది. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు కూడా ఉంది. ఆ సంబంధం తప్పిపోయింది.

ఆ ఊరికి ప్రైవేటూ గవర్నమెంటూ కలిసి ఒకే వ్యానులో వచ్చాయి.

వ్యానుకు బ్యానరు కట్టారు. ఈ చివర గవర్నమెంటు గుర్తు, ఆ చివర ప్రైవేటు సంస్థ గుర్తు, మధ్యలో కరచాలనం బొమ్మ. క్షయను కలిసి పట్టుకుందాం అని రాశారు. రసూల్ అరుగు మీద కూర్చుని చదివాడు. విడివిడిగా చేసిన పనిని ఇప్పుడు కలిసి చేస్తారన్నమాట, అనుకున్నాడు.

గవర్నమెంటు తరఫున జోగారావు, టీబీ సూపర్‌వైజరు. రిటైరు కావడానికి రెండేళ్లుంది, ఆ రెండేళ్లూ కుర్చీలోనే గడపాలని నిశ్చయించుకున్నవాడు. ప్రైవేటు తరఫున అర్షియా, ఏలూరు పిల్ల. నీలం కోటు, స్కూటీ, చేతిలో మూతల డబ్బాలు. కఫం డబ్బాలు ప్రైవేటువి, వాటి మీద అంటించే చీటీలు గవర్నమెంటువి. డబ్బాలొచ్చిన వారం చీటీలు రావు, చీటీలొచ్చిన వారం డబ్బాలు రావు. ఆ వారం పొరపాటున రెండూ వచ్చాయి. అందుకే వ్యాను కదిలింది.

అర్షియా వచ్చేసరికి రసూల్ లోపల దగ్గుతున్నాడు. ఆమె మెట్ల మీద ఆగి, ఆ దగ్గు అయిపోయేదాకా తల వంచుకుని విన్నది.

"ఎన్నాళ్లనుంచండీ బాబాయ్‌గారూ?"

"నువ్వెవరి తాలూకు? గవర్నమెంటా, ప్రైవేటా?"

"రెండూనండీ."

"అయితే రెండుసార్లు బయటికి నడు."

"ఇంకా ఒకసారి కూడా లోపలికి రాలేదండీ. మెట్ల మీదే ఉన్నాను."

రసూల్‌కు ఎదురు మాట వినే అలవాటు తప్పి చాలాకాలమైంది. ఏమనాలో వెతుక్కునే లోపల మళ్లీ దగ్గొచ్చింది.

అప్పుడే రియాజ్ దూది బస్తా మోసుకుంటూ వీధిలోంచి వచ్చాడు. ఆమెను చూశాడు. బస్తా దించడం మరిచిపోయి, దాని కింద అలాగే వంగి నిలబడ్డాడు.

"దగ్గింది నేనేనండీ," అన్నాడు.

వీధిలో ఉన్నవాడు ఇంట్లో ఎలా దగ్గాడో అర్షియా అడగలేదు. ఆ రోజుకు ఇరవై డబ్బాలు పంచాలి. పద్దెనిమిదే అయ్యాయి. పేరు రాసుకుని డబ్బా ఇచ్చింది. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, గుండె నిండా గాలి పీల్చి, లోతునుంచి దగ్గి ఇందులో ఉమ్మాలని చెప్పింది. రియాజ్ ఆ మాటలను ప్రేమలేఖ వింటున్నట్టు విన్నాడు. రసూల్ గోడ కేసి తిరిగి కూర్చున్నాడు. పదకొండేళ్ల తరవాత ఇంట్లోకి ఆడపిల్ల గొంతు వచ్చింది. అదీ ఉమ్మమని చెప్పడానికి.

మర్నాడు ఆమె డబ్బా ఎత్తి వెలుతుర్లో చూసింది.

"ఇది ఉమ్మండీ. కఫం కాదు."

"అంతకంటే లోతు లేదండీ నాకు."

"అది కనిపిస్తూనే ఉంది," అని ఇంకో డబ్బా ఇచ్చింది.

రెండోదీ ఉమ్మే. అయినా ఈసారి ఆమె పావుగంట కూర్చుంది. జుట్టులో దూది తీసేసుకోమని చెప్పింది. ఎక్కడుందో తెలియడం లేదని అతనన్నాడు. ఆమె చెయ్యి కొంచెం లేచి, లోపల పెద్దాయన ఉన్నాడని గుర్తొచ్చి, డబ్బా మూత బిగించడంలో పడిపోయింది. ఆ మూత అప్పటికే బిగిసి ఉంది.

రసూల్ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. లోకంలో ఆడపిల్లకు పూలిచ్చినవాళ్లున్నారు, గాజులిచ్చినవాళ్లున్నారు. ఉమ్మి డబ్బాతో ప్రేమ నడిపినవాడు తన కడుపునే పుట్టాడు.

కొడుకు బాధ మాత్రం వేరే. ఆ పిల్ల తండ్రిని బాబాయ్‌గారూ అంటోంది. తండ్రి బాబాయ్ అయితే తను అన్నయ్య అవుతాడు. ఈ లెక్క రియాజ్ మొహంలో స్పష్టంగా కనిపించేది. రసూల్‌కు అది చూడటం బాగుండేది. చాలాకాలానికి దొరికిన వినోదం.

మూడో డబ్బా ఇస్తూ అర్షియా ఇదే ఆఖరిదని చెప్పింది. ఇందులోనూ ఉమ్మే ఉంటే దగ్గు లేదని రాసేస్తుంది. ఎల్లుండి వ్యాను కొల్లేటి లంకల్లోకి పోతుంది. ఇక ఈ వైపు రాదు.

మర్నాడు తెల్లారుతూ రసూల్ దగ్గి, పాలడబ్బా అందుకుంటే అందులో బూడిద లేదు. కడిగి, తుడిచి, పెళ్లివారింటి గ్లాసులా తళతళలాడుతోంది. ప్రేమలో పడ్డవాడు బూడిద మరిచిపోయాడని తిట్టుకుని ఉమ్మాడు. పెట్టీ పెట్టకముందే రియాజ్ వచ్చి డబ్బా పట్టుకుపోయాడు. ఎప్పుడూ నాలుగుసార్లు చెబితే గానీ తియ్యనివాడు.

ఆ పొద్దున అర్షియా డబ్బా ఎత్తి చూసి, ఇది కఫమండీ, అన్నదిట. ఆ అనడంలో మెచ్చుకోలు లేదుట, భయం ఉందిట. రియాజే తరవాత చెప్పాడు.

ఆ తరవాత నాలుగో రోజు సాయంత్రం వాన. హైవే మీద లారీలు నీళ్లు చిమ్ముతున్నాయి. రియాజ్ పెళ్లి పరుపులు వేసుకుని గణపవరం వెళ్లాడు. అర్షియా తడిసి వచ్చింది. నీలం కోటు లేదు. రియాజ్ గారున్నారా అని అడిగింది. లేడని రసూల్ చెప్పాడు. ఫోను తగలడం లేదని ఆమె చెప్పింది. తగలదు, ఆ దారంతా చేపల చెరువులే, అని ఆయనన్నాడు.

"ఏం తేలింది?"

"అది ఆయనకే చెప్పాలండీ. ఇంకెవరికీ చెప్పకూడదు."

ఆమె మాట్లాడుతున్నది ఆయనతో, చూస్తున్నది గోడ కేసి. రసూల్‌కు ఆ చూపు తెలుసు. పూర్వం ఒక డాక్టరు అలాగే చూశాడు.

ఆయన లేచాడు. గొడుగు తీసుకున్నాడు. కొట్టుకు తాళం వేయకుండా మెట్లు దిగి, ఆమె స్కూటీ వెనక కూర్చున్నాడు. పోనీ, అన్నాడు. ఎక్కడికని ఆమె అడగలేదు. గాలికి గొడుగు తిరగబడింది. దారి పొడుగునా ఆయన దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

పదకొండేళ్లుగా తొక్కని గవర్నమెంటు ఆస్పత్రి గడప అది. జోగారావు టిఫిన్ క్యారేజీ సర్దుకుంటూ, ఎదురుగా నీళ్లు కారుతున్న పరుపుల రసూల్‌ను చూసి, తిట్లకు సిద్ధమై కుర్చీలో సర్దుకున్నాడు.

రసూల్ చేతులు జోడించాడు.

"మావాణ్ణి బతికించండి. మిమ్మల్ని నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటాను. మందు మాత్రం సోమవారం దాకా ఆపకండి."

జోగారావుకు ముప్ఫై ఏళ్ల సర్వీసులో మొదటిసారి ఏం చెయ్యాలో తోచలేదు. తన కుర్చీ ఇచ్చాడు. ఆరు నెలలు బిళ్లలు మింగితే పోయే జబ్బేనండీ, ఇప్పుడెవరూ చావడం లేదు, మింగనివాళ్లు తప్ప, అని చెప్పాడు. ఆ ఆఖరి ముక్క ఆయన ఎందుకు కలిపాడో గానీ, రసూల్ తల దించుకున్నాడు.

ఇంటికొచ్చి తెరిచి ఉన్న కొట్టు చూసి, పక్కవాళ్లను అడిగి, రియాజ్ వచ్చాడు. వాననీళ్లలో జారుతూ గుమ్మంలోకి వచ్చాడు. కుర్చీలో తండ్రిని, గోడవార అర్షియాను చూశాడు. తండ్రి చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. వాటిని చూశాక వాడు ఇక దాచలేకపోయాడు.

"ఆ కఫం నాది కాదండీ. మా నాన్నది."

బూడిద లేని డబ్బా రసూల్ కళ్ల ముందుకొచ్చింది.

"ఆ పిల్ల కోసం చేశావా, నా కోసం చేశావా?"

"రెండూ నాన్నా."

రసూల్ చెయ్యెత్తాడు. కొట్టడానికే ఎత్తాడు. ఎత్తిన చెయ్యి కొడుకు తడిసిన తల మీద ఆగింది. అక్కడున్న దూది తీసి, ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. వాడికి జబ్బు లేదన్న సంగతే ఆయన బుర్రలో తిరుగుతోంది. తనకు ఉందన్న సంగతి దగ్గొచ్చాక గుర్తొచ్చింది.

అర్షియా ఎవరివంకా చూడకుండా వెళ్లిపోయింది.

ఆ తరవాత రెండు ఆఫీసులూ కలిసి పనిచేయడం ఊరు నిజంగా చూసింది. రిజిస్టరు గవర్నమెంటుది కాబట్టి తప్పు గవర్నమెంటుదని ప్రైవేటు రాసింది. డబ్బా ప్రైవేటుది కాబట్టి తప్పు ప్రైవేటుదని గవర్నమెంటు రాసింది. నెల తిరిగేసరికి ఇద్దరికీ సఖ్యత కుదిరింది. తప్పు పరుపులవాళ్లదని కలిసి రాశారు. మనిషి దగ్గాడో లేదో వినకుండా పేరు రాసుకున్నందుకు అర్షియాకు మెమో వచ్చింది. కంప్యూటర్లోకి ఎక్కిన రియాజ్ పేరు దిగలేదు. రోజూ పొద్దున గవర్నమెంటు ఫోను, సాయంత్రం ప్రైవేటు ఫోను: రియాజ్ గారూ, బిళ్ల వేసుకున్నారా? వాడు ఓపిగ్గా, మా నాన్నగారు వేసుకున్నారండీ, అనేవాడు.

రసూల్ కఫం రసూల్ పేరుతో మళ్లీ పంపారు. జబ్బు ఉందనే వచ్చింది. రియాజ్‌కు ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదు. ఒకే ఇంట్లో ఉంటున్నాడు కాబట్టి ముందుజాగ్రత్తగా వాడికీ బిళ్లలిచ్చారు.

వారానికోసారి అర్షియా వచ్చేది. బిళ్లల అట్టలు లెక్కపెట్టేది. బరువు చూసేది. రియాజ్ ఉన్న వైపు గాలి కూడా పీల్చేది కాదు. వాడు దూది ఏకుతూ, ఏకిందే మళ్లీ ఏకుతూ ఉండేవాడు. ఆ నెలల్లో గుండుగొలను పరుపులంత మెత్తటి పరుపులు జిల్లాలో లేవు.

ఆమె కాగితంలో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా వచ్చిందా, వస్తే ఎప్పుడు తెలిసింది. అజీజున్నీసా పేరు రాసింది. ఎప్పుడు తెలిసిందంటే రసూల్ చెప్పలేదు.

"తెలీదని రాసుకో."

"రాయలేనండీ బాబాయ్‌గారూ. గోడ కేసి చూస్తూ చెబుతున్నారు."

ప్రతివారం ఇదే అడిగేది, ఇదే వినేది, గడి అలాగే వదిలేసేది.

మూడో నెలలో రసూల్ ఒక పేచీ పెట్టాడు. వాడితో ఒక్క మాట మాట్లాడితేనే బిళ్ల మింగుతానన్నాడు. ఆమె బిళ్లా, నీళ్లూ ఎదురుగా పెట్టి కూర్చుంది. గంట గడిచింది. ఆయన మీదే జాలిపడి, రియాజ్ వైపు తిరిగి, మీ నాన్నగారికి బుద్ధి లేదండీ, అంది. రియాజ్ అవునండీ అన్నాడు. రసూల్ బిళ్ల మింగాడు. ఇలా మొదలైంది. మరుసటి వారం రెండు మాటలయ్యాయి. వానాకాలంలో ఆరబెట్టిన దూది మీద చినుకులు పడితే ఇద్దరూ టార్పాలిన్ చెరో కొసా పట్టుకుని పరిగెత్తారు. కప్పాక కూడా కొసలు వదల్లేదు. రసూల్ లోపల్నుంచి దగ్గాడు. అది జబ్బు దగ్గు కాదు. జబ్బు దగ్గు అప్పటికే పోయింది.

ఆరో నెల ఆఖరి పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. కాగితం ఇవ్వడానికి వచ్చిన రోజు రియాజ్ మెట్ల దగ్గర నిలబడి మనసులో మాట చెప్పేశాడు. జుట్టు శుభ్రంగా దువ్వుకుని మరీ చెప్పాడు. అర్షియా విన్నది. చాలాసేపు చెప్పుచివరతో మెట్టు గీకింది.

"మీరు మంచివారేనండీ. కానీ నా చేతిలో పెట్టిన మొదటి వస్తువే అబద్ధం. ఆ అబద్ధానికి నాకు మెమో కూడా వచ్చింది. రేపు ఇంకేం దాస్తారో ఎలా తెలుస్తుంది?"

రియాజ్ మాట్లాడలేదు. వాడి మొహం చూసి రసూల్‌కు అజీజున్నీసా మొహం గుర్తొచ్చింది. ఇంకో సీసా తాగమంటే ఆవిడా అలాగే ఊరుకునేది.

"ఇటు రామ్మా," అని పిలిచాడు. "ఆ గడి పూర్తి చేసుకో."

ఆయన కత్తెర తీసుకున్నాడు. మంచం మీద పరుపు తిరగేసి, తలవైపు కుట్టు కత్తిరించాడు. ఉండలు కట్టిన దూదిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, నాలుగు మడతల కాగితం తీశాడు. పసుపుపచ్చగా, దూదికంటే మెత్తబడి ఉంది. ప్రైవేటు డాక్టరు చేతిరాత. టీబీ అనుమానం, గవర్నమెంటు ఆస్పత్రికి వెంటనే వెళ్లాలి. తేదీ అజీజున్నీసాకు దగ్గు మొదలైన రెండో నెలది.

"ఐదో నెలలో కాదు. రెండో నెలలోనే తెలుసు. ఆ డాక్టరే చీటీ రాసి పొమ్మన్నాడు. నేను తీసుకెళ్లలేదు. వెళ్తే ఒక మనిషి బిళ్లలు పట్టుకుని వారం వారం ఇంటికొస్తాడు. టీబీ ఇంట్లో కుట్టిన పరుపు ఏ పెళ్లివారు కొంటారు? చీటీ ఇందులో పెట్టి కుట్టేశాను. సీసా మందే చాలన్నాడని వీడి అమ్మకు చెప్పాను. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి సోమవారం దాకా టైము లేదావిడకి."

రియాజ్ గుమ్మం పట్టుకున్నాడు. రసూల్ వాడి వంక చూడలేదు. అర్షియాతోనే చెప్పాడు.

"దాచడం అంటే ఇదమ్మా. వీడు దాచింది నన్ను బతికించడానికి. వీణ్ణి నా లెక్కలో కట్టకు."

హైవే మీద లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది. రియాజ్ నెమ్మదిగా వచ్చి, కింద రాలిన దూది ఏరడం మొదలుపెట్టాడు. ఏరుతూ ఒకసారి మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. తండ్రిని ఏమీ అనలేదు. అని ఉంటే రసూల్‌కు తేలికగా ఉండేది.

అర్షియా గడిలో తేదీ రాసింది. కలం మూత పెట్టింది. చీటీ మడిచి రసూల్ చేతిలోనే పెట్టింది.

"ఇది ఏకి, మళ్లీ కుట్టాలండీ," అంది పరుపు చూసి. "సూది ఎక్కడుందండీ మావయ్యగారూ?"

రియాజ్ చేతిలో దూది కిందపడింది. వాడు ఆ వరస మార్పు కోసం ఆరు నెలలు ఎదురుచూశాడు. అది వచ్చినప్పుడు వాడికి నవ్వు రాలేదు, ఏడుపు రాలేదు, సూది ఎక్కడుందో కూడా గుర్తు రాలేదు.

పెళ్లి ఏలూరులో జరిగింది. జోగారావు వ్యానులోని మైకు పట్టుకుని వచ్చాడు. గవర్నమెంటూ ప్రైవేటూ కలిస్తే ఇలాంటి ఫలితాలే ఉంటాయని పందిట్లో ఉపన్యసించాడు. ఆ తరవాత మైకు రసూల్ మూతి దగ్గర పెట్టాడు. మీ ఆవిడ సంగతి పది ఊళ్లలో చెప్పండి, జనం వింటారు, అన్నాడు.

రసూల్ మైకును చేత్తో పక్కకు తోశాడు.

"చెప్పాల్సినవాళ్లకు చెప్పాను. అది మళ్లీ నా నోట రాదు. పరుపులు కావాలంటే అడగండి."